మా చేనులో మొలిచిన తుమ్మ

కేతేపల్లి. జూలై 14, ఆదివారం.

పత్తి సాళ్లలో సర్కారు తుమ్మ మొలకలు పీకీ పీకీ వేళ్లు నొస్తున్నాయి. తప్పు నాదే. కోపం మాత్రం తోటికోడలు సుజాత మీద.

ముళ్లని, నీళ్లు తాగేస్తుందని మా గట్టు మీది తుమ్మనంతా నేను కొట్టించాను. ఆమె తన గట్టు మీద ఉంచుకుంది. ఎండాకాలమంతా ఆ కాయలు తిని ఆమె మేకలు నిగనిగలాడాయి. నా మేకలకు డొక్కలు తేలాయి. చూస్తూ ఓర్వలేకపోయాను. ఎరువైనా దక్కుతుందని, నాలుగు రాత్రులు తన మేకల మందను మా చేనులో పెట్టమని ఆమెను అడిగాను.

"వద్దక్కా. గా పెంటికలల్ల తుమ్మ గింజలుంటయి, వాన పడంగనే మొలుస్తయి. నేనైతే గుంతల మాగబెట్టినంకనే చల్లుతున్న" అంది.

ఇవ్వడం ఇష్టంలేక అంటోందనుకున్నాను. పది రోజులు ఆమెతో మాట్లాడటం మానేసి, చివరికి ఆమెను ఒప్పించి మంద పెట్టించుకున్నాను.

ఈ పొద్దున పిలవకుండానే చేనుకు వచ్చింది. "నేను చెప్పలేదా అక్కా" అంటే ఏమనాలో కూడా అనుకొని పెట్టుకున్నాను. ఆ మాటే ఎత్తలేదు. కొంగు దోపుకొని వంగింది. మధ్యాహ్నానికి, మొలకలు పీకడంలో కూడా నాకంటే రెండు సాళ్లు ముందే ఉంది.