బావ కాలేయానికి అక్క వేసిన గడియ

తమ్ముడికి అక్క దీవెనలు.

ఒక్కరు తప్ప అందరం క్షేమం. ఆ ఒక్కరూ మీ బావ. తను బస్సు నడిపే డిపోలో రక్తం ఇస్తానని పోయి, కాలేయంలో హెపటైటిస్ బి వైరస్ ఉందన్న కాగితం పట్టుకొచ్చారు. నువ్వు ల్యాబులో కాలేయ కణాలే పెంచుతావు కదా, ఆ పురుగు లోపలికెలా దూరుతుందో నాకర్థమయ్యేలా రాయి.

మీ అక్క

తా.క. మీ బావకి నడుం నొప్పని పక్కింటావిడతో చెప్పాను. అప్పటినుంచీ ఆయన వీధిలో వంగి నడవాల్సి వస్తోంది.

*

అక్కకి నమస్కారం.

తిండి అరగడానికి కాలేయం పిత్తరసం పంపుతుంది. పనయ్యాక అందులోని ఆమ్లాలు రక్తంలో కలిసి కాలేయానికే తిరిగొస్తాయి. వాటిని లోపలికి తీసుకోవడానికి కణానికో తలుపుంది. ఈ వైరస్ దూరేదీ ఆ తలుపులోంచే. కంచాలూ గ్లాసుల వల్ల అంటదు. రక్తం వల్ల, ఆలుమగల మధ్య అంటుతుంది. నువ్వూ పరీక్ష చేయించుకో.

తమ్ముడు

తా.క. నా కణాలకి ఆదివారం సెలవు లేదు. తిండి పెట్టకపోతే చచ్చి చూపిస్తాయి.

*

తమ్ముడూ, ఆశీస్సులు.

దారి దొరికింది. నూనె తింటేనే పిత్తరసం, అదొస్తేనే తలుపు తెరవడం. అందుకని ఇంట్లో నూనె బంద్. మూడు వారాలుగా అన్నీ ఉడకబెట్టినవే. మీ బావ ప్యాంట్లు రెండేసి అంగుళాలు లోపలికి కుట్టాను.

ఆలుమగల మధ్య అన్నావు. నేను ఇల్లు, కుట్టుషాపు తప్ప వేరే గుమ్మం తొక్కని దాన్ని. మరి ఈయన బస్సు ఎక్కడెక్కడ ఆపినట్టు? అడిగితే "నాకేం తెలుసే" అంటారు. ఆయన పరుపు తీసుకెళ్లి కుట్టుషాపులో వేశాను. పరీక్ష తప్పు చేసినవాళ్లకి గానీ నాకెందుకు?

అక్క

తా.క. షాపులో జాకెట్లు తొడిగే బొమ్మని గోడవైపు తిప్పి వచ్చాను.

*

అక్కా,

నూనె మానేస్తే ఆ తలుపు మూసుకోదు. బావకి కడుపునిండా పెట్టు, ఇంట్లోకి పిలువు. బతిమాలుతున్నాను, ముందు నువ్వు పరీక్ష చేయించుకో.

తమ్ముడు

*

తమ్ముడూ,

నాకూ ఉంది. ఎప్పటిదో అట. అమ్మ దేనితో పోయిందని డాక్టరమ్మ అడిగింది. కాలేయంతోనే అన్నాను. పుట్టినప్పుడే అమ్మ నుంచి నాకు, నా నుంచి మీ బావకి వచ్చి ఉంటుందంది.

అయిదేళ్లు కాపురం చేసిన మనిషిని నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన తిట్టలేదు. "పెళ్లికి ముందే తెలిసుంటే నాకు టీకా వేసేవాళ్లు కదా" అన్నారు, అంతే. ఇంట్లోకి మాత్రం రావడం లేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నువ్వూ ఆ కడుపునే పుట్టావు. వెంటనే చూపించుకో.

అక్క

తా.క. పక్కింటావిడకి నాకూ నడుం నొప్పే అని చెప్పాను. మీ ఇంట్లో మంచం మార్చండి అంది.

*

అక్కా,

చూపించుకున్నాను. ఆరేళ్ల కిందట, ల్యాబులో చేరిన రోజే. ఉంది. తల్లి నుంచి బిడ్డకి వస్తుందని నాకు అప్పుడే తెలుసు. మొదటి ఉత్తరంలో ఆ ముక్క కావాలనే వదిలేశాను. అప్పట్లో నీ పెళ్లి కుదిరింది, చెబితే చెడిపోతుందని నోరు మూసుకున్నాను. ఈ ఉత్తరం బావకి చూపించు.

తమ్ముడు

తా.క. నీ పెళ్లి కోసమన్నది కూడా అబద్ధం. భయపడింది నా పెళ్లి గురించి. అదీ కాలేదు.