మూడో గడి

అక్కయ్యా, నీ కార్డు అందింది. బాగానే ఉన్నాను, కాలేజీకి వెళ్తున్నాను.

మా విద్యార్థుల ప్రోగ్రాం నచ్చితే ఉద్యోగం ఇస్తామని ఒక కంపెనీ కాలేజీతో ఒప్పందం చేసుకుంది. ఇంతకుముందు రెండు కంపెనీలు కాదన్న అమ్మాయి నిన్న వాళ్ళ ఇంజనీరు ముందు తన ప్రోగ్రాం చూపించింది. ఆసుపత్రికి వచ్చినవాళ్ళ వివరాలు నమోదు చేసేది. రోగి బదులు నన్ను కూర్చోబెట్టింది. ‘వివాహితులు’, ‘అవివాహితులు’ అని రెండే గడులు. నీ మరదలు పోయి ఐదు నెలలైనా నా వేలు ఏ గడి మీదా ఆనలేదు.

అమ్మాయికి అర్థమైంది. “తప్పు నాదే సార్, ఐదు నిమిషాలు ఆగండి” అంది.

“టైమైపోయిందమ్మా, ఏదో ఒకటి నొక్కించెయ్” అన్నాడు ఇంజనీరు.

“సారు అబద్ధం చెప్తేగానీ ఇది ముందుకు కదలదండీ. అలాంటిదాన్ని ఎలా చూపించను?”

‘భార్యను లేదా భర్తను కోల్పోయినవారు’ అని మూడో గడి చేర్చింది. నొక్కాను.

“సోమవారం వచ్చి చేరిపో తల్లీ. మా దగ్గర ఇలా ఆగేవాళ్ళే లేరు” అన్నాడాయన.

నువ్వు సర్ది తీసుకెళ్ళిన నీ మరదలి బట్టలు ఎవరికైనా ఇచ్చెయ్యనా అని మూడు కార్డుల్లో అడిగావు. ఇచ్చెయ్యి. నీలం శాలువా ఒక్కటి ఉంచు, నేనొచ్చి తీసుకుంటాను.

బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు దీవెనలు.

నీ తమ్ముడు