శర్మాజీ అడిగిన సర్టిఫికెట్

చిరంజీవి పవన్‌కుమార్‌కు నాన్న దీవెనలు. ఇక్కడ మీ అమ్మ, నేను, నా నోరు ముగ్గురమూ క్షేమం. పుణెలో నువ్వూ కుశలమే అనుకుంటాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్‌లో చెబితే నమ్మవు. ఎందుకో చివర నీకే తెలుస్తుంది. పుణె లారీ తోలే మన రాంచందర్ చేతికిచ్చి పంపుతున్నాను.

గోదాములో డబ్బాలు మోసి నడుము పట్టిందన్నావు. అమ్మ ఆముదం రాయమంది.

కంప్యూటర్ నెట్టు పనికి నెట్‌వర్క్ ప్లస్ సర్టిఫికెట్ మేలా, సీసీఎన్ఏ మేలా, ఏది జల్దీ వస్తుంది అని వాట్సాప్‌లో అడిగావు. తొమ్మిదో తరగతి తప్పినవాణ్ణి, నాకేం తెలుసు? మా బొల్లారం మందుల కంపెనీలో నెట్టు చూసే చంద్రకాంత్‌ను షిఫ్టు బస్సులో అడిగాను. మొదటిది ఏ కంపెనీ నెట్టు డబ్బాకైనా పనికొచ్చే పునాదట. రెండోది ఒక కంపెనీ పరికరాల మీదే ఎక్కువ నడుస్తుందట, కష్టం కూడా ఎక్కువేనట, కానీ మన దిక్కు ఉద్యోగాలకు దాన్నే అడుగుతారట. రెండింటికీ గడువు మూడేళ్లే. మా మందుగోలీలకున్నట్టు చదువుకు కూడా ఎక్స్‌పైరీ ఉందని అప్పుడే తెలిసింది.

"ఏదైనా గానీ నర్సన్నా, పరీక్ష మాత్రం వాడే రాయాలె," అన్నాడు.

పరీక్ష లేకుండానే వారంలో సీసీఎన్ఏ ఇప్పిస్తానన్నాడని నువ్వు రాసిన పటాన్‌చెరు ఏజెంటు మీద నాకు అనుమానం. అంతకంటే నీ మీద అనుమానం. ఏది బాగా నేర్పుతుందని నువ్వు అడగలేదు, ఏది జల్దీ వస్తుందని అడిగావు.

మా కంపెనీలో మంటలార్పే ట్రైనింగు అయింది. చాయ్ తాగుతూ సంతకాలు పెట్టాం, అందరికీ సర్టిఫికెట్లు వచ్చాయి. మొన్న మందుపొడి ఆరబెట్టే డ్రయ్యర్ దగ్గర మంట లేస్తే, సర్టిఫికెట్లున్న నలుగురం ఎర్ర సిలిండర్ చుట్టూ నిలబడి "నువ్వు పిన్ను గుంజు", "నువ్వే గుంజు" అనుకున్నాం. ఆ మంటే మమ్మల్ని చూసి జాలిపడి ఆరిపోయింది.

ఇక అసలు మాట. పోయిన ఆదివారం నీకు హిందీలో ఫోన్ చేసిన బొల్లారం మేనేజర్ శర్మాజీని నేనే. మా బీహారీ సూపర్‌వైజర్ ఫోన్ అడుక్కుని, అతని గొంతునే అనుకరించాను. జెరసేపు ఆటపట్టించి "అరే, నేన్రా" అందామనుకున్నాను. కానీ సీసీఎన్ఏ ఉందా అని శర్మాజీ అడగ్గానే, "ఉంది సార్, పాసై రెండేళ్లయింది" అన్నావు. తడుముకోకుండా అబద్ధమాడటం వీడికెవరు నేర్పారని అమ్మను అడిగితే, నా ముఖమే చూసింది.

కోపంలో "నేన్రా" అనడం మానేసి, వారంలో కాగితం పంపమన్నాను. ఆ మాటకు నువ్వు ఏజెంటును వెతుక్కుంటావని తట్టలేదు. పోకురా. ఆ ఉద్యోగం లేదు, ఆ శర్మ లేడు. దొంగ కాగితం బయటపడితే మళ్లీ పరీక్షకే రానివ్వరని చంద్రకాంత్ అంటున్నాడు. తన పాత పుస్తకం ఇచ్చాడు, రాంచందర్ దగ్గరే ఉంది, తీసుకో.

నన్ను ఎంతైనా తిట్టు. అయితే నా గొంతులో ఇంకా చాలామంది సార్లున్నారు. ఏదో ఒకరోజు ఎవరో ఒకరు ఫోన్ చేసి అదే మాట అడుగుతారు. "లేదు సార్, చదువుతున్న" అను. ఆ సారు నిన్ను తీసుకుంటాడు.

ఇట్లు,
ఈసారి సొంత గొంతుతోనే,
మీ నాన్న నర్సన్న