సిస్టరమ్మ చేతి పప్పు

సిస్టరమ్మా,

ఈరోజు మీ సంవత్సరీకం. చిక్కడపల్లి ఇంటిముందు మీ అబ్బాయి మీ ఫొటోతో ‘సేవామూర్తి’ అని ఫ్లెక్సీ కట్టించారు.

నర్సుగా రిటైరయ్యాక కూడా మిమ్మల్ని వంటింట్లో అడుగు పెట్టనివ్వనిది ఆయనే. “శవాలు తుడిచిన చేతులు” అనేది మీ కోడలు. ఆమెకు జ్వరమొస్తే నుదుటిన తడిగుడ్డ వేసింది ఆ చేతులే. మీ గదిలో చిన్న స్టవ్వు మీద మీరు వండిన పప్పు, అశోక్ నగర్ కోచింగ్ నుంచి ఆకలితో వచ్చి, మేడమీద కిరాయికుండే నేనొక్కదాన్నే తినేదాన్ని.

“మీ ఇంట్ల మొదట చదువుకున్నదానివి గద, అమ్మ గురించి రెండు ముక్కలు చెప్పు” అన్నారు ఇవాళ వచ్చిన చుట్టాల ముందు మీ అబ్బాయి.

“అమ్మ చేతి పప్పు మీరెప్పుడన్న తిన్నరా, అన్నా?” అని అడిగాను.

“అందరు భోజనానికి రాండ్రి” అన్నారాయన.

మీరు నేర్పినట్టే మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుని, తినకుండా మేడెక్కాను.