బతికే ఉన్న ఫిలిస్

వర్జీనియా, రోనోక్ నది ఒడ్డు
అక్టోబరు, 1869

ప్రేమగల అమ్మకు,

నీ కూతురు కెసయా ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసుకుంటున్న సంగతులు. ఆయన దయవల్ల ఇక్కడ మేమందరం తిని తిరుగుతూ బాగానే ఉన్నాం. నీ మోకాళ్ళ నొప్పి తగ్గిందనీ, దగ్గు నెమ్మదించిందనీ వినాలని ఉంది. నీ ఉత్తరాలు రాసిపెట్టి, నావి చదివి వినిపిస్తున్న మీ పాస్టరమ్మగారికి నమస్కారాలు. ఆవిడకు ఒక్క మనవి: ఈ ఉత్తరం చదివేటప్పుడు దయచేసి అమ్మ పక్కనే కూర్చోండి. తొందరపడకుండా చదవండి.

అమ్మా, ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అవును, పొడుగయ్యాను. నాన్నంత ఉన్నాను. పొగాకు ఆరబెట్టే బ్యారన్ గుమ్మానికి రోజూ తల కొట్టుకుంటున్నాను. మరుగుతున్న సబ్బు నీళ్ళు ఒలికి కాలిన మచ్చ ఎడమ పాదం మీద అలాగే ఉంది, నొప్పేమీ లేదు. పెళ్ళి మాటేమిటని అడిగావు. ఒకతను ఆదివారం ఆదివారం పనిగట్టుకుని మా ఇంటి ముందు నుంచి నడిచి వెళుతున్నాడు. కొన్నాళ్ళు నడవనీ అని ఊరుకున్నాను. తిండికి లోటు లేదు. చిలగడదుంపలు బాగా ఊరాయి, అలసందలు ఎండబెట్టాం. నాన్న బ్యారన్‌లో మంట ఆరిపోకుండా చూసుకుంటూ అక్కడే పడుకుంటున్నాడు.

నువ్వు ఇంకో మాట అడిగావు. "ఆ బైబిలు చూపించే మనల్ని కట్టిపడేశారు. నువ్వు అదే పుస్తకం పిల్లలకు చెబుతున్నావా?" అన్నావు. కోపంగా అన్నావో, బాధగా అన్నావో ఉత్తరంలో తెలియలేదు. రెండూ అయినా నాకు సమ్మతమే.

మన పాత చర్చిలో మేడ మీద నల్లవాళ్ళ బెంచీలు నీకు గుర్తుండే ఉంటాయి. కింద నుంచి తెల్ల పాస్టరు తల పైకెత్తి ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: దాసులు యజమానులకు లోబడి ఉండాలి, ఇది దేవుడి మాట. నాకు చదువు రాగానే మొదట వెతికింది ఆ మాటే. లేదని తేలాలని వెతికాను. ఉందమ్మా. నీతో అబద్ధమెందుకు? ఆ రోజు పుస్తకం మూసేసి చాలా రోజులు ముట్టుకోలేదు.

"ఏమే, చదువు అయిపోయిందా?" అన్నాడు నాన్న.

"ఆయన చెప్పిన మాట నిజంగానే ఉంది నాన్నా."

"ఉంటే ఉంది. ఆయన చదవకుండా దాటేసిన పేజీలు ఎన్నున్నాయో చూశావా? ముందు అవి చదివి నాకు వినిపించు."

చదివాను. బానిసలుగా ఇటుకలు చేసి చేసి మూలిగిన జనం మొర దేవుడు విన్నాడని ఉంది. వాళ్ళను పోనివ్వని రాజు ఏమయ్యాడో ఉంది. ఆ సంగతి పాత చర్చిలో ఒక్కసారీ వినలేదు. కానీ మీరంతా లోయలో, చప్పుడు బయటికి పోకుండా తడి దుప్పట్లు వేలాడదీసుకుని, గొంతు తగ్గించి పాడుకున్నది ఆ కథే కదా! నన్ను ఒళ్ళో పెట్టుకుని నువ్వే పాడేదానివట. మా బడి టీచరమ్మది ఉత్తరాది. పారిపోయి వచ్చినవాళ్ళను వాళ్ళ చర్చి నేలమాళిగలో దాచేవారట. పక్క వీధి చర్చిలో మాత్రం అలాంటివాళ్ళను పట్టి అప్పగించడమే ధర్మమని ప్రసంగించేవారట. రెండు చోట్లా ఆ పుస్తకమే. అందుకే నా దగ్గర చదువుకునే పిల్లలకు రెండు సంగతులూ చెబుతున్నాను. ఎవరు చదివి వినిపించినా, మీ కళ్ళతో మీరు మళ్ళీ చదువుకోండని చెబుతున్నాను.

ఇక ఇన్నాళ్ళూ నేను తప్పించుకుంటున్న ప్రశ్న. "మిమ్మల్ని వెతుకుతూ నేను వేయించిన ప్రకటన మీ చర్చిలో చదివినప్పుడు గుర్తుపట్టింది ఎవరు? ఆ మనిషి తల మీద చెయ్యిపెట్టి దీవించాలని ఉంది" అని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు.

ఆ ఆదివారం నాన్న జ్వరంతో ఇంట్లో పడుకున్నాడు. నేను బయట చెట్టు కింద పిల్లలకు పాఠం చెబుతున్నాను. ప్రసంగానికి ముందు పాస్టర్ టలివర్ గారు, విడిపోయిన తమవాళ్ళ కోసం పత్రికలో వేయించుకున్న ప్రకటనలు చదువుతారు. అప్పుడు పసిపిల్లలు కూడా ఏడవరు. ఆయన నీది చదివారు. "నేను పెటీగ్రూ దొర అమ్మేస్తే దూరాన నాచెజ్ చేరిన ఫిలిస్‌ని, నా భర్త పీపాలు చేసే అంబ్రోస్, నా కూతుర్ని పిచ్చుకా అని పిలిచేదాన్ని, దాని పాదం మీద మచ్చ ఉంది" అని. మా ఇంటివాళ్ళు తప్ప మన పాత చోటివాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. నాన్నను అందరూ కోల్స్ అనే ఇంటిపేరుతోనే పిలుస్తారు, ఇప్పుడు చేసేది సేద్యం. ఆ మాటలు మా ఇంటివేనని తెలిసిన మనిషి ఆ గదిలో ఒక్కతే. ఆవిడ నోరు మెదపకపోతే పాస్టరుగారు తర్వాతి పేరు చదివేవారు. నువ్వు నాకు ఈ జన్మలో దొరికేదానివి కాదు.

ఆవిడ లేచింది. చంకలో పసివాడు.

"అయ్యగారూ, ఆ అంబ్రోస్ మా ఇంట్లో ఉన్నాడు. నా మొగుడే. ఆ పిచ్చుక బయట పిల్లలకు పాఠం చెబుతోంది" అంది.

ఇదమ్మా నేను దాచింది. ఆవిడ పేరు మిర్టిల్లా. నేను పిన్నీ అంటాను.

నిన్ను తీసుకుపోయిన కొన్నాళ్ళకు పాత చర్చి పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు. దూరదేశానికి అమ్ముడుపోయిన మనిషి చనిపోయినట్టే లెక్కనీ, మిగిలిన మనిషి మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చనీ. నిన్ను అమ్మిన దొర కూడా ఆ పెద్దల్లో ఒకడు. నాన్న మేడ మీద నుంచే అడిగాడట: "అయ్యా, చనిపోతే సమాధి ఎక్కడ?" దేవుడి ఏర్పాటును ప్రశ్నించకు అన్నాడట పాస్టరు. పిన్ని మొదటి మొగుణ్ణి జార్జియాకు అమ్మారు. ఆయన్నీ అలాగే తీర్మానంతోనే చంపారు. బతికున్నవాళ్ళ కోసం ఏడుస్తున్న ఇద్దర్ని పక్కపక్కన నిలబెట్టి, చావు గానీ దూరం గానీ విడదీసేదాకా కలిసి ఉండమని పెళ్ళి చేశారు. ఆయన కబురు కోసం పిన్ని ఇప్పటికీ ప్రతి ప్రకటనా చెవులు రిక్కించి వింటుంది. నీ మాట అందుకే ఆవిడకు వినబడింది.

నా తల దువ్వింది, నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుంది ఆవిడే. ఇది రాస్తుంటే నీకు ద్రోహం చేస్తున్నట్టు ఉంది. రాయకపోతే ఆవిడకు చేసినట్టు ఉంది.

నీ ప్రకటన వచ్చాక మా ఇక్కడి చర్చి పెద్దలు కూర్చున్నారు. బ్రదర్ గిలియం, "ఇద్దరు భార్యలు కుదరదు. కోల్స్, ఎవరో ఒకరిని వదిలెయ్" అన్నాడు. నాన్న తల వంచుకుని, "చచ్చిపోయిందంటే నేను నమ్మలేదయ్యా. కానీ పొయ్యి చల్లబడిపోయింది. పిల్ల ఏడుస్తోంది" అన్నాడు.

పిన్ని లేచింది. "తెల్లవాళ్ళ చర్చి ఫిలిస్‌ను బతికుండగానే చంపింది. ఇప్పుడు మన చర్చి నన్ను చంపుతుందా? చెప్పండి, ఇంటికెళ్ళి నా చావుకు నేనే నల్లబట్ట కట్టుకుంటా!"

పాస్టర్ టలివర్ గారు, "ఈ చర్చిలో బతికున్నవాళ్ళను ఎవరూ చంపరమ్మా. ఫిలిస్ లేకుండా ఫిలిస్ గురించి తీర్మానం చేయడం ఒకసారి జరిగింది. మనం చేయం. ఆమె మాట వచ్చేదాకా ఆగుదాం" అన్నారు. మరుసటి ఆదివారం ఆయన నిలబడి, ఆ పాత తీర్మానం దేవుడి మీద వేసిన అబద్ధమనీ, కోల్స్ మొదటి భార్య ఫిలిస్ నాచెజ్‌లో బతికే ఉందనీ చెప్పారు. అందరూ లేచి నిలబడ్డారు. నాన్న మాత్రం లేవలేకపోయాడు.

నాన్న ఎందుకు ఒక్క ముక్క రాయించడని అడిగావు. రోజూ వచ్చి కూర్చుంటాడమ్మా. "ఫిలిస్‌కు, అని రాయి" అంటాడు. రాస్తాను. ఆ తర్వాత లేచి బ్యారన్‌కు వెళ్ళిపోతాడు.

నీ దీవెన పిన్నికి చదివి వినిపించాను. తోముతున్న గిన్నె పక్కన పెట్టింది. "ఎవరో తెలియక దీవించింది. తెలిశాక కూడా అదే మాట అంటుందేమో అడుగు" అంది. అడుగుతున్నాను. కాదన్నా ఆవిడ తప్పు పట్టదు, నేనూ పట్టను.

నువ్వు ఏం కోరుకుంటావో నువ్వే చెప్పు. ఇక్కడికి వస్తావా, అక్కడే ఉంటావా, నాన్నను రమ్మంటావా, ముఖం చూడనంటావా, ఏదైనా సరే. పొగాకు అమ్ముడుపోగానే నేను మాత్రం బయలుదేరి వస్తున్నాను. నువ్వు వద్దని రాయించినా వస్తాను.

వచ్చేటప్పుడు పిన్నికి పుట్టిన మా పెద్ద చెల్లెల్ని కూడా తీసుకురావాలని ఉంది, నువ్వు ఒప్పుకుంటేనే. అది పుట్టినప్పుడు పేరు పెట్టింది నాన్న కాదు. పెట్టే ధైర్యం ఆయనకు లేదు. పిన్నే పెట్టింది. "మనిషిని ఎలాగూ తీసుకుపోయారు. పేరైనా ఈ ఇంట్లో తిరుగుతూ ఉండనీ" అందట.

దాని పేరు ఫిలిస్.

ఇట్లు,
నీ కడుపున పుట్టిన కూతురు,
కెసయా