మా ఆవిడను ఎప్పుడు పంపిస్తారు?

విజయవాడ వన్ టౌన్,
జూలై 4

శిక్షణ కేంద్రం కోఆర్డినేటర్ ఎలిజబెత్ మేడమ్ గారికి,

వన్ టౌన్‌లో తాళ్లు, గోనెసంచుల హోల్‌సేల్ వ్యాపారం చేసే రామకోటేశ్వరరావు నమస్కారాలు. మనకు ముఖపరిచయం లేదు. అయినా మా ఇంటి మనిషి మీ దగ్గరే ఉంది కాబట్టి చనువు తీసుకుని రాస్తున్నాను.

మా ఆవిడ శాలిని పర్యావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. మడ అడవుల బురద మీద. బురదలో ఇంత చదువుందని పెళ్లయ్యేదాకా నాకు తెలియదు. తెలిశాక గర్వంగానే ఉంది. తాడు కొనడానికి వచ్చినవాళ్లకు కూడా చెబుతుంటాను.

ఏప్రిల్‌లో పది రోజుల ట్రైనింగ్ అని నాగాయలంక దాటి మీ కేంద్రానికి వచ్చింది. అది అయ్యాక వర్క్‌షాప్ అంది. మా విజయవాడలో వర్క్‌షాపంటే ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే చోటు. ఎంత పాడైన లారీ అయినా వారంలో బయటికొస్తుంది కదా అని ఊరుకున్నాను. తరవాత సమ్మర్ స్కూల్ అంది. ఎండాకాలం బడులు మూస్తారని విన్నానుగాని, తెరుస్తారని ఇప్పుడే తెలిసింది. ఇప్పుడేమో సెమినారట.

మీ దగ్గర ఫోన్ సిగ్నల్ అందదు. పక్షుల్ని చూసే మంచె ఎక్కి చేస్తుంది. "తిన్నావా?" అంటాను. "తిన్నానండీ, మీరు..." అంటుంది. తెగిపోతుంది.

కాబట్టి మా ఆవిడను ఎప్పుడు పంపిస్తారో తెలియజేయగలరు. చదువు మానమని కాదు. ఓసారి వచ్చి వెళ్లమని.

మీ జవాబు కోసం కళ్లు కాయలు కాసేలా చూసే,
రామకోటేశ్వరరావు

తా.క. పోస్టర్ ప్రెజెంటేషన్ అని కూడా ఏదో చెప్పింది. మా అమ్మ మాణిక్యమ్మ ఆ మాట విని చల్లపల్లి నుంచి ఫోన్ చేసి, "కోడల్ని గోడలకు పోస్టర్లు అంటించడానికి పంపావంట్రా?" అని నిలదీసింది.

*

నాగాయలంక,
జూలై 8

శ్రీ రామకోటేశ్వరరావు గారికి,

మీ దరఖాస్తు అందింది. ఆగస్టులో జరిగే పర్యావరణ పరిశోధక విద్యార్థుల సమ్మేళనానికి మీరు ఎంపికయ్యారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మీ పరిశోధనాంశం 'తాళ్లు, గోనెసంచులు' ప్లాస్టిక్‌కు ప్రత్యామ్నాయాల విభాగంలోకి వస్తుంది. చాలా అవసరమైన అంశం. వచ్చేటప్పుడు రబ్బరు బూట్లు, టోపీ తెచ్చుకోండి.

పరిశోధనాభినందనలతో,
ఎలిజబెత్, కోఆర్డినేటర్

తా.క. మీ దరఖాస్తులో భార్య ప్రస్తావన ఉంది. కుటుంబ సభ్యులకు ఇక్కడ వసతి లేదు. దయచేసి ఆవిడను ఇంటి దగ్గరే ఉంచి రండి.

*

విజయవాడ వన్ టౌన్,
జూలై 12

ఎలిజబెత్ మేడమ్ గారికి,

తికమకలో ఉన్న రామకోటేశ్వరరావు నమస్కారాలు.

మేడమ్, ఆవిడను ఇంటి దగ్గర ఉంచాలనే నేనూ రాసింది! నేను పరిశోధకుణ్ణి కాను. బీకాం. తాళ్లు అమ్ముతాను, వాటి మీద పరిశోధన చేయను. నేను శాలిని భర్తను. మీ దగ్గర దరఖాస్తులు చాలా ఉంటాయి గనక పొరపాటు పడి ఉంటారు.

నేను సరిగా చెప్పలేదేమో, ఈసారి వివరంగా రాస్తాను. షాపు పైనే మా ఇల్లు, రెండు గదులు. బాల్కనీలో శాలిని తెచ్చిపెట్టిన బురద సీసాలున్నాయి. "ఎండిపోనివ్వకండి" అని వెళ్లేటప్పుడు చెప్పింది. రోజూ పొద్దున్నే నీళ్లు పోస్తున్నాను. ఒకదాన్లో మడ మొక్క మొలిచింది. రెండాకులు వేసింది. చెబుదామని ఫోన్లో "మొలిచింది" అన్నాను. ఆవిడ "ఏంటి, కాలు బెణికిందా?" అంది. తెగిపోయింది. మర్నాడు మంచెక్కి "ఆస్పత్రికెళ్లారా?" అంది. తెగిపోయింది. ఆ మొక్క సంగతి ఇప్పటికీ ఆవిడకు తెలియదు మేడమ్. వీలైతే మీరు చెప్పండి.

సాయంత్రం బ్యారేజీ వైపు నడిచి వెళ్లి మిరపకాయ బజ్జీలు కొంటాను. రెండు పొట్లాలు కట్టించుకుంటాను. చేతికిచ్చాకగాని గుర్తురాదు.

ఇట్లు, కాలు బెణకని,
రామకోటేశ్వరరావు

తా.క. రబ్బరు బూట్లు కొన్నాను. రమ్మన్నారు కదా, రాకపోతే బాగుండదని.

*

నాగాయలంక,
జూలై 17

శ్రీ రామకోటేశ్వరరావు గారికి,

మీరు పరిశోధకులు కారని తెలిసి విచారిస్తున్నాం. మా ఫారాల్లో 'భర్త' అనే విభాగం లేదు.

ఒక విషయం స్పష్టం చేయాలి. ఇక్కడి కార్యక్రమాలేవీ తప్పనిసరి కావు. వర్క్‌షాప్, సమ్మర్ స్కూల్, సెమినార్ అన్నిటికీ శాలిని గారు తనంతట తానే పేరిచ్చారు. ఒడిశా తీరంలో ఏడాదిపాటు జరిగే శిక్షణకు కూడా ఎంపికయ్యారు. వెళ్లేదీ లేనిదీ నెలాఖరులోగా చెప్పాలి.

ఈ విషయంలో మీకేమైనా చెప్పాలని ఉంటే పరిశోధన పద్ధతిలో సారాంశం రాసి పంపండి. శీర్షిక, నేపథ్యం, పద్ధతి, ఫలితాలు, ముగింపు, కీలక పదాలు ఉండాలి. ఉత్తరాల రూపంలో వచ్చే బాధలను కమిటీ పరిశీలించదు.

కోఆర్డినేటర్ తరఫున,
కార్యాలయం

తా.క. మడ మొక్కకు మంచినీళ్లు ఎక్కువ పోయకండి. చిటికెడు ఉప్పు కలపండి. ఆకులు ఏ రంగులో ఉన్నాయో తెలియజేయండి.

*

విజయవాడ వన్ టౌన్,
జూలై 21

కార్యాలయం వారికి,

ఏం రాయాలో తోచక రాస్తున్న రామకోటేశ్వరరావు నమస్కారాలు.

ఆవిడే పేరిచ్చిందా? మీరు బలవంతంగా ఆపేస్తున్నారని ఇన్నాళ్లూ మిమ్మల్ని మనసులో తిట్టుకున్నాను. క్షమించండి. ఉత్తరం చదివాక షాపులో ఒకాయనకు కొబ్బరి తాడు బదులు నైలాన్ తాడు కట్టి పంపేశాను. ఆయన మళ్లీ వచ్చి, "ఏంటి కోటేశ్వరరావు గారూ, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. బాగానే ఉందన్నాను. ఏం చెప్పను?

మీరు అడిగినట్టే రాశాను. పక్క సందులో ట్యూషన్ మాస్టారు పద్ధతి చెప్పారు. విషయం మాత్రం నాదే.

శీర్షిక: వన్ టౌన్ మేడ మీది రెండు గదుల్లో ఒక మనిషి లేకపోవడం వల్ల కలిగే ప్రభావాలు.

నేపథ్యం: లోగడ ఈ గదుల్లో ఇద్దరుండేవారు. ఒకరు మాట్లాడేవారు, ఒకరు వినేవారు. వినే మనిషి మిగిలాడు.

పద్ధతి: ఎక్కడికీ పోకుండా ఇంట్లోనే ఉండి గమనించడమైనది.

ఫలితాలు: పెరుగు ఇద్దరికి సరిపడా తోడుపెట్టడం మానలేదు. మిగిలింది మజ్జిగ చేసి పక్క షాపువాళ్లకు పోయగా వారు అలవాటుపడి ఇప్పుడు గ్లాసులు తీసుకుని వస్తున్నారు. మెట్ల మీద ఎవరి అడుగులు వినపడినా లెక్క ఆపి తల ఎత్తడం జరుగుతోంది. ఆవిడ దువ్వెన ఎక్కడ పెట్టిందో అక్కడే ఉంచి, చుట్టూ తుడవడమైనది. కొంచెం బెంగగా ఉన్నది.

ముగింపు: ఒడిశా వెళ్లొద్దని నేను రాయను. బురద గురించి చెప్పేటప్పుడు ఆవిడ ముఖం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. ఆ వెలుగు ఆర్పి ఇంట్లో పెట్టుకుంటే నాకేం కనపడుతుంది? వెళ్లమనే చెప్పండి.

కీలక పదాలు: పెరుగు, మెట్లు, దువ్వెన.

మీ పరిశీలనకు,
రామకోటేశ్వరరావు

తా.క. ఆకులు లేతపచ్చ. మూడో ఆకు వస్తోంది. ఉప్పు వేశాను. అయోడైజ్డ్ పరవాలేదా?

*

నాగాయలంక,
జూలై 25

శ్రీ రామకోటేశ్వరరావు గారికి,

మీ సారాంశాన్ని ఇద్దరు సమీక్షకులు చదివారు.

మొదటి సమీక్షకుని అభిప్రాయం: మజ్జిగ అంశం కొత్తది. పక్క షాపువారి మీద ప్రత్యేక అధ్యయనం అవసరం.

రెండో సమీక్షకుని అభిప్రాయం: 'కొంచెం బెంగ' అన్నారు. కొంచెమంటే ఎంత? ఎప్పటి నుంచి? ఈ ఫలితాలను సంబంధిత వ్యక్తికి ఎప్పుడైనా నేరుగా తెలియజేశారా? లేకపోతే ఆ వ్యక్తి ఏ ఆధారంతో నిర్ణయం తీసుకోవాలి? రచయిత ముగింపులో వెళ్లమంటున్నారు, ఫలితాల్లో రమ్మంటున్నారు. ఏదో ఒకటి చెప్పాలి. సవరించి పంపండి.

కోఆర్డినేటర్ తరఫున,
కార్యాలయం

తా.క. రెండో సమీక్షకులు చదువుతూ చదువుతూ కాగితం తడిపేశారు. మరో ప్రతి పంపగలరు. అయోడైజ్డ్ వద్దు, కల్లుప్పు.

*

విజయవాడ వన్ టౌన్,
జూలై 28

రెండో సమీక్షకుల వారికి, కార్యాలయం ద్వారా,

మీరెవరో తెలియదుగాని గట్టి మనిషి. రామకోటేశ్వరరావు నమస్కారాలు.

'కొంచెం' అన్న మాట తీసేస్తున్నాను. చాలా ఉంది. ఎప్పటి నుంచంటే, అవనిగడ్డ బస్సు కదిలి, కిటికీలోంచి ఆవిడ చెయ్యి ఊపి, ఆ చెయ్యి లోపలికి తీసుకున్నప్పటి నుంచి.

ఆవిడకు చెప్పారా అంటే, చెప్పలేదు. ఎలా చెప్పాలండీ? మంచె మీద నిలబడి ఫోన్ చేస్తుంది, చుట్టూ తోటి విద్యార్థులుంటారు. ఎదురుగా ఉన్నప్పుడే నాకు మాట పెగలదు. మీరైతే ఆఫీసు, మొహం చూడనక్కర్లేదు, అందుకని రాయగలిగాను. వెళ్లమనీ, రమ్మనీ రెండూ రాశానన్నారు. రెండూ నిజమే. వెళ్లమన్నది ఆవిడ కోసం. రమ్మన్నది నా కోసం. దీన్ని ఎలా సవరించాలో ట్యూషన్ మాస్టారికీ తెలియలేదు.

కాబట్టి శనివారం పొద్దున షాపు మూసి నేనే బయలుదేరి వస్తున్నాను. ఆవిడకు చెప్పకండి. ముందే తెలిస్తే ఏం మాట్లాడాలా అని బస్సులో ఆలోచించుకుంటూ దిగకుండా అవతలి ఊరికి పోతానేమోనని భయం.

సెలవు తీసుకుంటూ,
రామకోటేశ్వరరావు

తా.క. వసతి అక్కర్లేదు. గోనెసంచులు నేనే తెచ్చుకుంటాను.

*

నాగాయలంక,
జూలై 31

శ్రీ రామకోటేశ్వరరావు గారికి,

ఎలిజబెత్ నమస్కారాలు. మా అమ్మాయి పురిటికని హనుమాన్ జంక్షన్ వెళ్లి నిన్ననే తిరిగి వచ్చాను. బల్ల మీద మీ ఫైలు చూసి కళ్లు తిరిగాయి. మిమ్మల్ని పరిశోధకులనుకున్న మొదటి జవాబు నాది, ఒప్పుకుంటాను. తరవాతవి నావి కావు. ఈ కేంద్రంలో సమీక్ష కమిటీ అనేదే లేదు.

నేను లేనప్పుడు ఆఫీసు ఉత్తరాలకు జవాబులు రాయడం ఇక్కడి పరిశోధక విద్యార్థులకు శిక్షణలో భాగం. ఈ నెల వంతు మీ శాలినిది. పిలిచి కూర్చోబెట్టాను.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"ఫోన్లో ఆయన తిన్నావా అని తప్ప ఏమీ అడగరండీ మేడమ్. నేను లేకపోయినా ఆయనకి బాగానే ఉందేమో అనుకున్నాను. అందుకే వచ్చిన ప్రతి ట్రైనింగుకీ పేరిచ్చేశాను. ఆఫీసుకైతే అన్నీ రాస్తున్నారు. నేనని తెలిస్తే రాయడం ఆపేస్తారని చెప్పలేదు."

"మరి ఒడిశా సంగతి?"

"ఒక్కసారి వద్దంటారేమో చూద్దామనుకున్నానండీ. ఆయనేమో వెళ్లమన్నారు. ఇక ఏడుపు ఆగలేదు."

ఒడిశా వాళ్లకు రాసి గడువు పొడిగించాను. వెళ్లాలో వద్దో మీరిద్దరూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోండి. ఈలోగా థీసిస్‌లో ఒక అధ్యాయం ఇంటి దగ్గర రాసుకోవడానికి నెల రోజులు సెలవిచ్చాను.

ఇంకో అనర్థం కూడా జరిగింది. మీ సారాంశం మిగతావాటితో కలిసి సమ్మేళనం పుస్తకంలో అచ్చయిపోయింది. పిల్లలందరూ అదే చదువుతున్నారు. నిన్న ముగ్గురు ఇళ్లకు ఫోన్ చేయడానికి మంచె దగ్గర వరసలో నిలబడ్డారు.

శుభాకాంక్షలతో,
ఎలిజబెత్

తా.క. పోస్టులో వేస్తే మీరు శనివారం బయలుదేరేలోగా అందదని, ఈ ఉత్తరం శాలిని చేతికే ఇచ్చి పంపుతున్నాను. కవరు చేతికి రాగానే మీరు ముందు చదవడం మొదలుపెడతారని కూడా తనే చెప్పింది. ఇంతదాకా చదివారంటే ఆవిడ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. కాగితం పక్కన పెట్టండి బాబూ!