మూడుసార్లు అవుటైన మధ్యాహ్నం

బర్మింగ్‌హామ్, అలబామా
1982 సెప్టెంబరు 14, మంగళవారం

తమ్ముడు ఎన్నిస్‌కు,

థాడియస్ భార్య ఒలేథా దీవెనలు. డెట్రాయిట్‌లో నువ్వూ నీ వాళ్ళూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మేమూ అలాగే ఉన్నామని రాయడం మర్యాద. కానీ చెయ్యి రావడం లేదు. మూడో తరగతితో ఆగినదాన్ని, తప్పులుంటే సర్దుకో. కవరు మీద నా పేరు చూసి చించేస్తావేమోనని ఒక భయం, ఇల్లు మారి ఉంటావేమోనని ఇంకో భయం. మా వదిన ఎండ కాస్తున్నా పిడుగు పడుతుందని చూరు కిందే నిలబడుతుంది అనేవాడివి కదా. ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను.

థాడియస్ ఇక దక్కడు. ఉక్కు మిల్లులో ముప్ఫై ఏళ్ళు మింగిన దుమ్ము ఊపిరితిత్తుల్లో గట్టిపడిపోయింది. పడుకుంటే ఊపిరాడదు, కూర్చోబెడితే తల నిలవదు. డాక్టరు వారం అన్నాడు. అది పోయిన వారం.

నువ్వొకసారి రావాలి. మీరిద్దరూ మాట మానేసి ముప్ఫై అయిదేళ్ళయింది. నీ మీద ఆ కోపంతోనే ఆయన మట్టిలోకి పోతే, తరవాత నేనెలా ఉండాలో నాకు తెలియడం లేదు.

ఇప్పుడు టీవీలో బేస్‌బాల్ ఆడే కుర్రాళ్ళు బేసు దొంగిలిస్తే జనం లేచి నిలబడుతున్నారు. పక్కింటి నెటీ అడిగింది, ఏమమ్మా, మీ ఆయన కూడా దొంగేనటగా అని. అవునే, పట్టపగలు, మూడువేలమంది చూస్తుండగా, బంతి వేసేవాడి చేతిలోంచి బంతి కదిలేలోపు మొదటి బేసు వదిలేసి రెండో బేసు మీద వాలేవాడు అన్నాను. మరి ఇంటికేం తెచ్చాడు అంది. తొడ మీద పుండ్లు తెచ్చాడే అన్నాను. బేసు మీదికి జారి పడ్డచోట తోలు లేచి, లాగు దానికి అంటుకుపోయేది. గోరువెచ్చని నీళ్ళు పోసి వేలెడు వేలెడు విడదీసేదాన్ని. ఆయన పాటలు పాడుకునేవాడు, నేను ఏడ్చేదాన్ని.

మీకు ఆ విద్య నేర్పిన ముసలి గైన్స్ గుర్తున్నాడా? బంతి వేసేవాడి చేతిని చూడకండిరా, చెయ్యి అబద్ధమాడుతుంది, మడమని చూడండి అనేవాడు. తెల్లవాళ్ళ లీగు బంతిని గోడ దాటించడం మరిగి కాళ్ళని మరిచిపోతే, ఈ విద్యను బతికించింది మన నల్లవాళ్ళేరా అని కూడా అనేవాడు. ఈ కుర్రాళ్ళకు ఆ మాట ఎవరు చెబుతారు?

ఆ మధ్యాహ్నం నా కళ్ళముందే ఉంది. ఆటగాళ్ళను ఏరుకోవడానికి వచ్చిన తెల్లవాళ్ళ పెద్ద లీగు మనిషి గడ్డి టోపీ పెట్టుకుని మూడో వరసలో కూర్చున్నాడు. థాడియస్‌కి ముప్ఫై మూడు, ఇరవై ఏడని చెప్పుకున్నాడు. మూడుసార్లు రెండో బేసుకు పరిగెత్తాడు, మూడుసార్లూ అవుటే. పరుగు తీసిన ప్రతిసారీ మెంఫిస్ జట్టులో బంతి వేసేవాడు దాన్ని కావాలనే బ్యాటుకు అందకుండా దూరంగా వేశాడు. బ్యాటు వెనక బంతి పట్టే వాళ్ళ క్యాచరు, దాన్ని రెండో బేసుకు విసరడానికి ముందే లేచి నిలబడ్డాడు. మూడోసారి ఎవడో, తాతా, చేతికర్ర మరిచిపోయావు అని అరిచాడు. జనమంతా నవ్వారు. టోపీ మనిషి లేచి వెళ్ళిపోయాడు.

పరిగెత్తబోయే ముందు ఆయన కుడిచేతి వేళ్ళు ఒక్కసారి వదులవుతాయి. మొదటి బేసు పక్కన నిలబడి సైగలిచ్చే నువ్వే అది కనిపెట్టి, దాచుకో అన్నా, అన్నావు. ఇంకెవరికీ తెలియదు. అందుకే నీ కాలరు పట్టుకుని, ఎంతకి అమ్ముకున్నావురా అన్నాడు. నువ్వు నవ్వేసి, నీ బుర్ర కూడా అవుటైందా అన్నా, అన్నావు. ఆ నవ్వు ఆయనలో పొయ్యి కింద నిప్పులా ఉండిపోయింది. నువ్వు ఊరే వదిలేశావు.

మొన్న ఆదివారం పాస్టరు వచ్చి, శవపెట్టె మోసే ఆరుగురు ఎవరు అన్నా అని మెల్లగా అడిగాడు. ఆయన ఊపిరి కూడదీసుకుని అయిదు పేర్లు చెప్పాడు. ఆరోది అడిగితే, ఎన్నిస్ మాత్రం వద్దు అన్నాడు. వద్దనడానికైనా నోటికొచ్చింది నీ పేరే, తమ్ముడూ. రా. తిట్టినా పడు. ఎదురు చెప్పకు.

దిగులు తప్ప ఇంకేమీ చేతకాని
మీ వదిన
ఒలేథా

తా.క. బుధవారం. కవరు ఇంకా అంటించలేదు. నిజం రాయకుండా అంటించలేకపోయాను.

ఆటకు ముందురోజే మెంఫిస్ జట్టు దిగింది. హోటళ్ళు మనల్ని గడప తొక్కనిచ్చేవి కావు గనుక, వచ్చినవాళ్ళను మనమే తలా ఒకరిని ఇళ్ళలో పెట్టుకునేవాళ్ళం. వాళ్ళ క్యాచరు మా వంతుకు వచ్చాడు. పొద్దున కోడి వేపుడు వడ్డిస్తూ ఆ వేళ్ళ సంగతి వాడికి నేనే చెప్పాను. పుండ్లు కడిగే పెళ్ళానికి మొగుడి వేళ్ళు తెలియవా? ఒక్కసారి అవుటైతే చాలు, టోపీ మనిషి ఆయన్ని వదిలేసి వెళ్ళిపోతాడు అనుకున్నాను. వాడు తీసుకుపోతే, తెల్లవాళ్ళ ఊళ్ళలో ఆయన్ని ఒంటరివాణ్ణి చేసి బూటు మేకులతో కాలు చీలుస్తారనీ, దారి కాచి చంపేస్తారనీ నాకు కునుకు లేదు. ఇంటి దగ్గరుంటే క్షేమం అనుకున్నాను. ఆ క్షేమానికే రోజూ అన్నం డబ్బా కట్టి మిల్లుకు పంపాను.

ఇవాళ పొద్దున ఆయన చెవికి నోరు ఆనించి అంతా చెప్పాను. కనురెప్ప కదల్లేదు. మధ్యాహ్నం డాక్టరు వచ్చి, నిన్నటి నుంచే ఆయనకు స్పృహ లేదమ్మా, నీ మాట ఆయనకు చేరదు అన్నాడు. నిన్న నేను నీకు ఈ ఉత్తరం రాస్తూ కూర్చున్నప్పుడే ఆ స్పృహ పోయి ఉంటుంది. ఒక్క మాట చెప్పడానికి నాకు ముప్ఫై అయిదేళ్ళు ఇచ్చాడు దేవుడు.

ఆయన నిన్ను నమ్మకుండానే పోతున్నాడు, తమ్ముడూ. నన్ను నమ్మి పోతున్నాడు.